కాజిల్ రూల్స్‌ని ఎలాస్టిక్‌సెర్చ్‌కి కలపడంలో సాయం చేసినవాళ్ళకి థాంక్స్

ఎలాస్టిక్‌సెర్చ్ అనే సెర్చ్ ఇంజిన్ మీద నడిచే మా డాక్యుమెంట్ సెర్చ్‌లో ఎవరికి ఏది కనపడాలనే లెక్క మొత్తానికి కుదిరింది. రాత్రిపూట కాల్‌లో కూర్చుని ఓపిగ్గా చెప్పిన అన్నకీ, మ్యాపింగ్ (ఏ ఫీల్డ్ ఏ టైపో చెప్పేది) చూసి రెండు ముక్కల్లో తేల్చేసిన అక్కకీ బోలెడు థాంక్స్. ఇదే పనిలో ఉన్నవాళ్ళకి పనికొస్తాయని వాళ్ళు చెప్పినవి ఇక్కడ పెడుతున్నా.

పర్మిషన్లన్నీ ముందునుంచీ కాజిల్‌లోనే (CASL, ఎవరు ఏం చేయొచ్చో రూల్స్‌గా రాసుకునే జావాస్క్రిప్ట్ లైబ్రరీ) ఉన్నాయి. పబ్లిష్ అయినవి ఎవరైనా చూడొచ్చు, సొంత డిపార్ట్‌మెంట్ ఫైళ్ళు చూడొచ్చు, కాన్ఫిడెన్షియల్‌వి మాత్రం కుదరదు. సెర్చ్ కోసం వాటినే మళ్ళీ చేత్తో రాస్తే రేపు ఒకచోట మార్చి రెండోచోట మర్చిపోవడం ఖాయం. అన్న కాజిల్‌లోనే ఉన్న రూల్స్‌టుక్వెరీ (rulesToQuery) అనే ఫంక్షన్ చూపించాడు. ఒక్కో రూల్‌ని ఎలా మార్చాలో మనం చెబితే చాలు, క్యాన్‌లని (చూడొచ్చనే రూల్స్) ఆర్ కింద, క్యానాట్‌లని (కుదరదనే రూల్స్) ఆండ్ కింద పేర్చి ఇచ్చేస్తుంది. మొదటివి ఎలాస్టిక్‌సెర్చ్‌లో షరతులన్నీ కలిపే బూల్ క్వెరీలో షుడ్‌లోకి (వీటిలో ఏదైనా తగలొచ్చు), రెండోవి మస్ట్‌నాట్‌లోకి (ఇవి తగలకూడదు) పోయాయి.

అసలు కిటుకు ఆ తర్వాతే ఉంది. షుడ్ పక్కన మస్ట్ గానీ ఫిల్టర్ గానీ (రెండూ తప్పక తగలాల్సిన షరతులే) ఉంటే మినిమమ్ షుడ్ మ్యాచ్, అంటే షుడ్‌లో కనీసం ఎన్ని తగలాలనే లెక్క, డిఫాల్ట్ 0 అయిపోతుంది. అంటే ఒక్క క్యాన్ కూడా తగలని డాక్యుమెంటు దర్జాగా రిజల్ట్స్‌లోకి వచ్చేస్తుంది! ఎర్రర్ ఉండదు, వార్నింగ్ ఉండదు. అందుకే రూల్స్‌కి విడిగా ఒక బూల్ కట్టి, అందులో ఆ విలువ 1 అని రాసి, మొత్తాన్ని ఫిల్టర్‌లో పెట్టాం. ఫిల్టర్ స్కోరు లెక్కలోకి రాదు కాబట్టి స్కోరింగ్ (ఏ రిజల్ట్ పైన రావాలనే లెక్క) కూడా చెదరలేదు.

ఏ పర్మిషనూ లేని యూజర్‌కి ఆ ఫంక్షన్ నల్ ఇస్తుంది. "నల్ అంటే ఫిల్టర్ లేదని కాదు తమ్ముడూ, గేటు మూశారని" అన్నాడు అన్న. అక్కడ ఏ డాక్యుమెంటునీ ఇవ్వని మ్యాచ్ నన్ క్వెరీ పెట్టాం.

అక్క పట్టింది ఇంకోటి. డిపార్ట్‌మెంట్ ఫీల్డ్ టెక్స్ట్ టైపు (మాటల్ని విడగొట్టి దాచుకునేది). ఇండెక్స్‌లో 'ఫైనాన్స్' చిన్న అక్షరాలైపోయి ఉంటుంది, ఇచ్చిన మాటని ఉన్నదున్నట్టు వెతికే టర్మ్ క్వెరీ పెద్ద ఎఫ్‌తో వెతుకుతుంది, సున్నా రిజల్ట్స్. విలువని మార్చకుండా దాచే కీవర్డ్ సబ్‌ఫీల్డ్‌కి మార్చగానే వచ్చేశాయి.

పర్మిషన్లకి పోస్ట్‌ఫిల్టర్ వాడొద్దని కామెంట్‌లో హెచ్చరించినవారికీ థాంక్స్ అండీ. అది అగ్రిగేషన్స్ (ఏ రకం ఫైళ్ళు ఎన్ని అనే లెక్కలు) అయ్యాక నడుస్తుంది కాబట్టి, ఫైళ్ళు దాచినా పక్కన కౌంట్లు మాత్రం కనపడేవి.

నెస్టెడ్ ఫీల్డ్స్ (లోపల మళ్ళీ ఫీల్డ్స్ ఉన్నవి) మీద ఉన్న రూల్స్ ఇంకా మిగిలాయి. అన్నా, శనివారం ఖాళీయేనా?