వార్షిక నివేదిక: తొలినాటి విమాన పేటెంట్ల పంపకంపై మన ప్రదర్శన

గౌరవనీయులైన అధ్యక్షుల వారికి, కార్యవర్గానికి, సభ్య కుటుంబాలన్నిటికీ నమస్కారములు.

మన సంఘం ఆశయాలు మీకు తెలిసినవే కనుక వాటిని మళ్ళీ ఏకరువు పెట్టను. సంక్రాంతి ముగ్గుల పోటీ, ఉగాది పంచాంగ శ్రవణం, వేసవి వనభోజనం, వారం వారం తెలుగు బడి ఎప్పటిలాగే జరిగాయి. కొత్తగా తలపెట్టి నెరవేర్చిన పని ఒకటుంది. మనం ఉంటున్న అమెరికాలోని డేటన్ నగర చరిత్రను మన భాషలో చెప్పుకోవాలని గత సర్వసభ్య సమావేశంలో చేసిన తీర్మానం ప్రకారం, తొలినాటి విమాన పరిశ్రమలో పేటెంట్లను పంచుకున్న వృత్తాంతంపై అక్టోబరులో రెండు రోజుల ప్రదర్శన జరిపాం. ఈ నివేదికలో సింహభాగం దానిదే.

ఈ ఊరివారైన రైట్ సోదరులు 1903 డిసెంబరు 17న విమానంలో ఎగిరిన సంగతి ఈ ఊళ్ళో పెరిగే మన పిల్లలకు ఉగ్గుపాలతో వస్తుంది. ఎగరడం వచ్చాక ఆ విద్యపై హక్కు ఎవరిదన్న తగవు ఎలా నడిచిందో, ఎలా తెగిందో మాత్రం పెద్దలలోనూ ఎక్కువమందికి తెలియదు. అందుకే ఈ అంశాన్ని ఎంచుకున్నాం.

మొదటి బల్ల మీద పిల్లలు పొడవాటి అట్టపెట్టెలు ఉంచారు. 1899లో విల్బర్ రైట్ తమ సైకిళ్ళ దుకాణంలో ట్యూబు వచ్చిన అట్టపెట్టెను చేతుల్లో మెలిపెడుతూ రెక్కల రహస్యం కనిపెట్టాడు. పెట్టె రెండు చివరలూ కత్తిరించి, ఎదురెదురు మూలలను వేళ్ళతో నొక్కితే ఒక పక్క అంచు పైకి లేస్తుంది, రెండో పక్క అంచు కిందికి వంగుతుంది. రెక్కలు అలా మెలి తిరిగితే విమానం ఒక పక్కకు ఒరగకుండా నిలదొక్కుకుంటుంది. కోనసీమ నుంచి కొడుకు దగ్గరికి వచ్చిన ఒక పెద్దావిడ ఆ పెట్టెను చేతుల్లోంచి దించకుండా చాలాసేపు మెలిపెట్టి చూస్తూ, "ఈ చిన్న మెలి కోసమా ఇన్నేళ్ళు కోర్టుల చుట్టూ తిరిగింది?" అని అడిగారు. ఆ ప్రశ్నకు జవాబే మిగతా ప్రదర్శన అంతా.

సోదరులు దరఖాస్తు పెట్టింది 1903 మార్చి 23న, అంటే ఇంజను పెట్టి ఎగరడానికి దాదాపు తొమ్మిది నెలల ముందు. స్ప్రింగ్‌ఫీల్డ్ న్యాయవాది హారీ టౌల్మిన్ చేతిలో ఆ పత్రం పదునెక్కింది. 1906 మే 22న మంజూరైన 8,21,393వ నంబరు పేటెంటులో అసలు విషయం ఇంజను కాదు, గాలిలో యంత్రాన్ని అదుపు చేసే పద్ధతి. రెక్కల చివరల కోణాన్ని మార్చే ఏ ఉపాయమైనా తమ హక్కు కిందికే వస్తుందని వాదించడానికి అందులో వీలుంది. న్యూయార్క్ రాష్ట్రంలోని హేమండ్స్‌పోర్ట్‌లో మోటారు సైకిళ్ళ ఇంజన్లు చేసి పేరు తెచ్చుకున్న గ్లెన్ కర్టిస్, రెక్కలను మెలిపెట్టకుండా, వాటికి ఐలరాన్లనే చిన్న కదిలే పలకలు అమర్చి ఎగిరాడు. అదీ తమ పేటెంటు పరిధిలోనిదేనని రైట్ సోదరులు 1909లో దావా వేశారు. 1910 జనవరిలో బఫెలో న్యాయమూర్తి జాన్ హేజల్ నిషేధపు ఉత్తర్వు ఇస్తే, జూన్‌లో పై కోర్టు దానిని తొలగించింది. 1913లో హేజల్ మళ్ళీ రైట్ పక్షానే తీర్పు ఇవ్వగా 1914 జనవరిలో పై కోర్టు దానిని ఖాయం చేసింది. అప్పుడు కర్టిస్ రెండు ఐలరాన్లనూ ఒకేసారి కాక ఒక్కొక్కటిగా కదిలించే ఏర్పాటు చేసి, వ్యవహారాన్ని మళ్ళీ మొదటికి తెచ్చాడు. ఈలోగా 1912లో విల్బర్ 45 ఏళ్ళకే టైఫాయిడ్‌తో కన్నుమూశాడు. 1915లో తమ్ముడు ఆర్విల్ తమ విమానాల కంపెనీని అమ్మేసుకున్నాడు.

ఇక్కడ ఒక సవరణ గురించి చెప్పాలి. ఈ వ్యాజ్యాల వల్ల అమెరికాలో విమానాల తయారీయే ఆగిపోయిందని మన ఫలకం తొలి ప్రతిలో రాశారు. నేను దానికి ఒప్పుకోలేదు. కర్టిస్ కంపెనీ ఆ ఏళ్ళలోనే బ్రిటన్‌కు విమానాలు అమ్మింది. ఆ ప్రతిష్టంభన కథలో అతిశయోక్తి ఎక్కువని ఈ మధ్య కొందరు పరిశోధకులూ వాదిస్తున్నారు. రెండు సాయంత్రాలు చర్చించుకున్నాక "అడ్డంకి" అన్న మాటతో సరిపెట్టాం. ఓపికగా విన్న ఫలకాల ఉపసంఘానికి నా కృతజ్ఞతలు.

అడ్డంకి మాత్రం నిజమే. రైట్ పేటెంటు చేతికి వచ్చిన రైట్-మార్టిన్ కంపెనీ ప్రతి విమానం మీద 5 శాతం, ఏడాదికి కనీసం 10,000 డాలర్లు రాయల్టీగా చెల్లించాలని 1916 చివర్లో తయారీదారులను కోరింది. కర్టిస్ దగ్గర కూడా తనవైన పేటెంట్లు ఉన్నాయి. 1917 ఏప్రిల్‌లో అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలోకి దిగింది. సైన్యానికి వేలకొద్దీ విమానాలు కావలసి వచ్చాయి. 1915లో ఏర్పడిన జాతీయ ఏరోనాటిక్స్ సలహా సంఘం మధ్యవర్తిగా పూనుకుంది. కర్టిస్ తరఫు న్యాయవాది బెంటన్ క్రిస్ప్ పరస్పర లైసెన్సు ఒప్పందానికి రూపం ఇచ్చాడు. మోటారు కార్ల సెల్డన్ పేటెంటు మీద హెన్రీ ఫోర్డ్ పోరాడినప్పుడు ఆయన పక్షాన వాదించిన వ్యక్తే ఇతను. ఆ విధంగా 1917 జులైలో మాన్యుఫ్యాక్చరర్స్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ పుట్టింది. అందులో చేరినవారు తమ విమాన పేటెంట్లను మిగతా సభ్యులకు తెరిచి ఉంచాలి. ఏదైనా అసాధారణమైన ఆవిష్కరణకు ప్రత్యేక పరిహారం ఇవ్వాలా వద్దా అన్నది మధ్యవర్తులు తేలుస్తారు.

డబ్బు పంపకాన్ని తెలుగు బడి పిల్లలు చూపించిన తీరు ఈ ఏడాది మన సంఘానికే గర్వకారణం. ఒప్పందం ప్రకారం ఒక్కో విమానానికి 200 డాలర్లు చెల్లించాలి. పిల్లలు 200 చింతగింజలు లెక్కపెట్టి మూడు ఇత్తడి గిన్నెల్లో వేశారు: రైట్-మార్టిన్‌కు 135, కర్టిస్‌కు 40, ఆ అసోసియేషన్ ఖర్చులకు 25. రెండు కంపెనీలకూ చెరి 20 లక్షల డాలర్ల పరిమితి ఉందనీ, విమర్శలు వచ్చాక 1918లో రాయల్టీని 100 డాలర్లకు తగ్గించారనీ తొమ్మిదేళ్ళ పాప తడుముకోకుండా చెప్పింది. చెరువు నీటికి వంతులు వేసుకున్నట్టే ఉందని మన పెద్దలొకరు అన్నారు. అంతకంటే మంచి వివరణ మా ఫలకాల్లో లేదు.

ఈ ఏర్పాటు అందరికీ మేలే చేసిందని మేం రాయలేదు. కొత్తది కనిపెట్టినా పోటీదారుతో పంచుకోవలసిందే అయినప్పుడు ముందుగా పరిశోధన మీద ఖర్చు పెట్టేదెవరన్న అభ్యంతరంతో, 1972లో అమెరికా న్యాయశాఖ దీనిపై దావా వేసింది. 1975లో కోర్టు ఉత్తర్వుతో ఈ ఏర్పాటు ముగిసింది. కోర్టుల్లో కొట్టుకున్న ఆ రెండు పేర్లూ 1929లోనే కర్టిస్-రైట్ అన్న ఒకే కంపెనీ పేరులో కలిసిపోయాయని చదివి, చాలామంది ఆ ఫలకం ముందు ఆగిపోయారు.

మందుల పరిశ్రమలో పనిచేస్తున్న మన సభ్యులు చివరి ఫలకాన్ని తామే తయారుచేశారు. మందుల పేటెంట్లను ఉమ్మడిగా అందుబాటులో ఉంచడానికి 2010లో ఏర్పడిన మెడిసిన్స్ పేటెంట్ పూల్ అనే సంస్థ నుంచి హైదరాబాదుకు చెందిన మందుల కంపెనీ అరబిందో 2011లో లైసెన్సు తీసుకుంది, తర్వాత హెటెరో కూడా తీసుకుంది. హెచ్ఐవీ మందులు చౌకగా అందడానికి పేటెంట్ల ఉమ్మడి ఎలా పనికొస్తుందో వారు వివరించారు. వారికి ప్రత్యేక ధన్యవాదాలు.

రెండు విషయాలు బాధతోనే రాస్తున్నాను. స్వచ్ఛంద సేవకు పేరిచ్చిన ఇరవై ఏడు మందిలో శనివారం ఉదయం బల్లలు వేయడానికి వచ్చినవారు ఆరుగురు. ఫలకాలు మోసింది ఎక్కువగా తల్లులూ, హైస్కూలు పిల్లలూ. రాలేమని ముందు రోజు ఒక్క ముక్క చెప్పి ఉంటే వేరే ఏర్పాటు చేసుకునేవాళ్ళం. ఇక ప్రదర్శనను మరో వారం ఒక ప్రభుత్వ భవనంలో ఉంచుతామని మూడుసార్లు లేఖ రాసినా సంబంధిత అధికారుల నుంచి జవాబు రాలేదు. నాలుగోసారి స్వయంగా వెళితే ఆ దరఖాస్తు ఎవరి బల్ల మీద ఉందో కూడా అక్కడ చెప్పగలిగినవారు లేరు.

భోజనాలు సమకూర్చిన కుటుంబాలకు, ఇత్తడి గిన్నెలు అరువిచ్చిన గృహిణులకు, తెలుగు అనువాదాలు దిద్దిన ఉపాధ్యాయులకు, రెండు రాత్రులు ప్రింటరు దగ్గర కూర్చున్న యువజన విభాగానికి సంఘం రుణపడి ఉంది. జమాఖర్చుల పట్టికను కోశాధికారి జతచేశారు. ప్రదర్శన ఖర్చు మంజూరైన మొత్తానికి లోబడే ఉంది. ఆడిటరు సంతకం కూడా అయింది.

ఫలకాల్లోని విషయాన్ని చిన్న తెలుగు పుస్తకంగా అచ్చు వేయడానికి అనుమతి కోరుతూ ఈ సమావేశం ముందు తీర్మానం పెడుతున్నాను. అచ్చుప్రతి దిద్దడానికి నలుగురు కావాలి. నిజంగా సమయం ఇవ్వగలిగినవారే పేర్లు ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. ఫలకాలు, అట్టపెట్టెలు, చింతగింజల డబ్బా తెలుగు బడి బీరువాలో ఉన్నాయి. తాళం సహాయ కార్యదర్శి దగ్గర ఉంది.

ఇట్లు,
కార్యదర్శి