మిడ్స్ వారంలో నీ ఆట

తల్లీ,

నిన్న ఫోన్లో "నా ఆట పోయింది నాన్నా" అన్నావు కదా, ఆ మాట రాత్రంతా నన్ను వదల్లేదు. నువ్వు పంపిన వాలీబాల్ మ్యాచ్ వీడియో మళ్ళీ మళ్ళీ చూశాను. రెండో సెట్లో అవతలి అమ్మాయి సర్వీస్ నెట్ దాటేదాకా నీ కాళ్ళు కదల్లేదు, కదిలాక కూడా చేతులు బిగుసుకుపోయి బంతి సెట్టర్‌కి అందకుండా నెట్ మీంచి అటే వెళ్ళిపోయింది. నీకు ఆట రాక కాదమ్మా, నిద్ర లేక అలా ఆడావు.

ఆ వారం మిడ్స్ పరీక్షలు, ల్యాబ్ రికార్డులు, హాజరు 75 శాతం దాటుతుందో లేదోనన్న భయం, పొద్దున్నే ఐదున్నరకి గ్రౌండు. అన్నీ చేశావు, కోత పడింది నిద్రకే.

చదువు టెన్షన్ మనసులోనే ఉండిపోదు, ఒంట్లోకి దిగుతుంది. కండరాలు బిగుసుకుంటాయి, చూపు ఇరుకై పక్కనుంచి వచ్చే బంతి ఆలస్యంగా కనబడుతుంది, ధ్యాస నిలవదు, దెబ్బలు తగిలేది అప్పుడే. అమెరికాలో మిస్సోరీ యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో 101 మందిని సీజన్ పొడుగునా గమనించి 2016లో ఆ లెక్కలు ప్రచురించారు. ఎక్కువగా మ్యాచ్‌లు ఆడేవాళ్ళకి పరీక్షల వారాల్లో తగిలే దెబ్బలు, ఒళ్ళు హూనమయ్యే ట్రైనింగ్ క్యాంపుకి ఏమాత్రం తీసిపోలేదట! స్టాన్‌ఫర్డ్‌లో బాస్కెట్‌బాల్ కుర్రాళ్ళని కొన్ని వారాలపాటు రాత్రికి పది గంటలు పడుకోమంటే ఫ్రీ త్రోలు 9 శాతం మెరుగయ్యాయి, పరుగు వేగమూ పెరిగింది. నిన్ను పది గంటలు పడుకోమనను, హాస్టల్లో కుదరదని తెలుసు, కానీ నాలుగు గంటలతో కోర్టులోకి దిగొద్దు.

మెడల్ తెస్తే గేటు దగ్గర ఫ్లెక్సీ కట్టే కాలేజీ, టోర్నమెంట్ ముందు పరీక్ష ఒక్క రోజు అటూ ఇటూ జరపకపోవడం నాకు నిజంగా కోపం తెప్పిస్తోంది. సరే, అది మన చేతుల్లో లేదు. మీ కోచ్ సార్‌కి మాత్రం మిడ్స్ తేదీలు ఇప్పుడే చెప్పు, ఆ వారం జంప్‌లూ బరువులూ తగ్గించమని మొహమాటపడకుండా అడుగు. ఆయన ఒప్పుకోకపోతే నేను మాట్లాడతాను. ఒక సబ్జెక్టు పోతే పోనీ, సప్లీ ఫీజు కడతాను. మోకాలు దెబ్బతిన్న మీ సీనియర్ అమ్మాయి ఏడాదిగా కోర్టు ఎక్కలేదని నువ్వే చెప్పావు.

టైమ్‌టేబుల్ ఫోటో తీసి సార్‌కి పంపాక నాకూ పంపు.

నాన్న