నాలుగు పేజీల డిశ్చార్జి కాగితంలో ఒక్క ముక్క తెలుగు లేదు

ఎడిటర్ గారికి నమస్కారం. మాది పొదలకూరు దగ్గర పల్లె, నిమ్మతోట. పోయిన ఎండాకాలం మా నాయనని (74 ఏళ్లు) నెల్లూరులో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో తొమ్మిది రోజులు ఉంచాల్సి వచ్చింది, అప్పుడు మేం పడ్డ తిప్పలు రాస్తున్నా, కాస్త పొడుగైనా వేయండి.

మూడు రోజులు వాంతులు విరేచనాలు. అన్నం ముట్టకపోయినా బీపీ మాత్ర మాత్రం మానలా, కాళ్ల వాపుకి ఎప్పుడో రాసిచ్చిన నీటి మాత్ర కూడా, దాని మీద మోకాళ్ల నొప్పులకి మెడికల్ షాపులో చీటీ లేకుండా తెచ్చుకున్న డైక్లోఫెనాక్ రోజుకి రెండు. నాలుగో రోజుకి ఒంటేలు తగ్గిపోయి మాట తడబడింది. పరీక్ష చేస్తే క్రియాటినిన్ (కిడ్నీలు ఎట్లా పనిచేస్తున్నాయో రక్తంలో చూసే లెక్క, పెరిగితే చెడ్డ) 4.1, మామూలుగా 1.2 లోపు ఉండాలంట.

డ్యూటీ డాక్టరు "కిడ్నీలు దెబ్బతిన్నాయి, అవసరమైతే డయాలసిస్" అనేసి పోయాడు. ఇంక వార్డు బయట చూడాల, మా మేనత్త ఏడుపు, మా బావేమో చెన్నైకి అంబులెన్స్ మాట్లాడతానంటాడు, ఇంకొకాయన డయాలసిస్ ఒకసారి మొదలుపెడితే చచ్చేదాకా ఆపరని భయపెడతాడు. మర్నాడు కిడ్నీ డాక్టరు వచ్చి చెప్పేదాకా మాకు తెలీదు, ఏళ్ల తరబడి షుగరు బీపీలతో మెల్లగా చెడేది వేరే, నాలుగు రోజుల్లో హఠాత్తుగా పడిపోయేది వేరే అని. ఈ రెండోదాన్లో చాలామందికి కిడ్నీ మళ్లీ కోలుకుంటుంది, డయాలసిస్ పెట్టినా కొన్నిసార్లతో ఆపేసే వీలుంటుంది.

ఆయన మొదట అడిగింది పాత రిపోర్టు. రెండేళ్ల కింద హెర్నియా ఆపరేషనప్పుడు తీసిన రక్తపరీక్ష ఫోటో నా ఫోన్లో ఉంది, అందులో క్రియాటినిన్ 1.1. స్కానింగులో కిడ్నీల సైజు బానే ఉంది, కుంచించుకుపోయి ఉంటే పాత జబ్బని అనుమానించేవాళ్లంట. ప్రోస్టేటు అడ్డుపడి మూత్రం ఆగిందేమో కూడా చూశారు, అదీ లేదు.

మరి ఎందుకొచ్చిందంటే, ఒంట్లో నీళ్లు తగ్గితే కిడ్నీకి పోయే రక్తం తగ్గుతుంది, అట్లాంటప్పుడు కిడ్నీ ఎట్లో తట్టుకోవాలని చూస్తుంది, నొప్పి మాత్ర ఆ తట్టుకునే శక్తిని తీసేస్తుంది, టెల్మిసార్టన్ లాంటి బీపీ మాత్ర ఇంకోవైపు నుంచి, నీటి మాత్ర ఉన్న నీళ్లు కూడా తోడేస్తుంది. వేటికవి మంచి మందులే, మూడూ విరేచనాల మీద పడితేనే ఈ గతి. అట్లని బీపీ మాత్ర మీ అంతట మీరు ఆపొద్దు, వాంతులు విరేచనాలు పట్టుకున్న రోజే డాక్టర్ని అడగండి.

ఒంటేలు సంచిలో ఎంత వస్తుందో రాసుకోమంది సిస్టర్, 60 కేజీల మనిషికి గంటకి 30 మి.లీ. అన్నా రావాలంట. మా అమ్మకి చదువు లేదు గానీ సంచి మీద గీతలు చూసి చెప్పేది, నేను రాసేవాణ్ణి. చూడ్డానికొచ్చిన చుట్టాలంతా కొబ్బరిబోండాలే తెచ్చారు, నాయన రక్తంలో పొటాషియం అప్పటికే ఎక్కువ, 5.9. బోండాం నీళ్లలో ఉండేది కూడా అదే, ఎక్కువైతే గుండె లయ తప్పుతుంది. గ్లాసు నోటి దగ్గర పెట్టేటప్పటికి సిస్టర్ గట్టిగా అరిచింది, ఆమెకి దండం పెట్టాల.

క్రియాటినిన్ 4.4 దాకా పోయి డయాలసిస్ లేకుండానే దిగింది, ఇంటికొచ్చేసరికి 1.7. చేతిలో పెట్టిన కాగితాలు నాలుగు పేజీలు, అన్నీ ఇంగ్లీషే. ఏ మాత్ర ఆపారు, మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాల, రక్తపరీక్ష ఏ తేదీన, నొప్పులకి ఏం వేసుకోకూడదు, ఇంతే కదా మాకు కావాల్సింది, నాలుగు లైన్లు తెలుగులో రాయిస్తే ఏం పోయింది? మూడు నెలలు దాటినా తగ్గకపోతే దాన్ని దీర్ఘకాలిక జబ్బు కింద లెక్కేస్తారంట, ఆ ముక్క కూడా నేను అడిగితేనే చెప్పారు. జిల్లా వైద్యాధికారులు ఈ తెలుగు చీటీ సంగతి కాస్త పట్టించుకోవాల.

ఇప్పుడు నాయనకి మోకాళ్లకి పారాసెటమాల్, ఉప్పు కాపడం. మొన్న నిమ్మకాయలు కోయడానికొచ్చిన ఆమె తన దగ్గరున్న నొప్పి బిళ్ల ఇస్తే తీసుకుని మాకు చెప్పకుండా జేబులో వేసుకున్నాడు, అమ్మ చొక్కా ఉతికేటప్పుడు దొరికింది.

ఒక పాఠకుడు, పొదలకూరు మండలం, నెల్లూరు జిల్లా