నిరూపక జ్యామితిలో పటానికి చోటేది?

సంపాదకుల వారికి,

పదో తరగతి గణితంలో, బిందువుల స్థానాలను సంఖ్యల జతలతో (నిరూపకాలతో) చెప్పే నిరూపక జ్యామితికి మార్కులు తేలిగ్గా వచ్చే అధ్యాయమని పేరు. రెండు బిందువుల మధ్య దూరం చెప్పే దూర సూత్రం, రేఖాఖండాన్ని ఇచ్చిన నిష్పత్తిలో విభజించే బిందువును చెప్పే విభజన సూత్రం కంఠస్థం చేయించి, ఇచ్చిన సంఖ్యలను వాటిలో ప్రతిక్షేపించడం అలవాటు చేయిస్తే పబ్లిక్ పరీక్ష గట్టెక్కుతుందన్న నమ్మకం మన బడుల్లో బలంగా ఉంది. దానివల్ల ఎంతోమంది పిల్లలు గ్రాఫ్ కాగితం మీద ఒక్క బిందువైనా గుర్తించకుండానే ఈ అధ్యాయాన్ని ముగిస్తున్నారు.

దూర సూత్రం పైథాగరస్ సిద్ధాంతానికి మరో రూపం. (−2, 3), (4, −5) బిందువులను గుర్తించి, ఒకదాని గుండా అడ్డగీత, రెండోదాని గుండా నిలువుగీత గీస్తే లంబకోణ త్రిభుజం ఏర్పడుతుంది. భుజాలు 6, 8 కనుక కర్ణం 10. ఈ పటం గీసిన విద్యార్థి సూత్రం మరిచిపోయినా మళ్లీ రాబట్టుకోగలడు. గీయనివాడు 4 లోంచి −2 తీసేయడంలో గుర్తు తప్పి 2 అని వేసి, √68 జవాబుగా రాస్తాడు. అడ్డంగా ఆరు గళ్లు కళ్లెదుట ఉంటే ఆ పొరపాటు అక్కడికక్కడే తెలిసిపోతుంది.

విభజన సూత్రంతో ఇబ్బంది ఇంకా ఎక్కువ. (2, 1) నుంచి (8, 4) వరకు గల రేఖాఖండాన్ని 1:2 నిష్పత్తిలో విభజించే బిందువు (4, 2). ఏ సంఖ్యతో ఏ నిరూపకాన్ని గుణించాలో తారుమారైతే (6, 3) వస్తుంది. అదీ ఆ రేఖ మీదే ఉంటుంది కాబట్టి, మొదటి బిందువుకు దగ్గరగా ఉండవలసింది రెండోదాని వైపు జరిగిందని పటం చూస్తే తప్ప అనుమానం రాదు. నాలుగు భుజాలు సమానమని తేలగానే చతురస్రమని రాసేసేవారూ ఉన్నారు. కర్ణాలు, అంటే ఎదురెదురు మూలలను కలిపే గీతలు, కూడా సమానమైతేనే అది చతురస్రమని, లేకుంటే సమచతుర్భుజమేనని గీయించి చెప్పాలి.

గ్రాఫ్ పుస్తకాలు అందరి దగ్గరా ఉండవన్నది నిజమే. కానీ చుక్కల ముగ్గులు చూస్తూ పెరిగిన పిల్లలకు గళ్ల లెక్క కొత్త కాదు. బడి ఆవరణలో ముగ్గుపిండితో రెండు అక్షాలు గీసి, సమాన దూరంలో చుక్కలు పెట్టి, ఒక్కొక్కరిని ఒక్కో బిందువు మీద నిలబెడితే అక్షాలు విడదీసే నాలుగు భాగాలు (పాదాలు), రుణ నిరూపకాలు చక్కగా బోధపడతాయి.

1637లో ఫ్రెంచ్ గణితవేత్త డెకార్ట్ ప్రచురించిన గ్రంథం బీజగణితాన్ని, జ్యామితిని ముడివేసింది. ఆ ముడి పదో తరగతిలోనే తెగిపోతే ఇంటర్మీడియట్‌లో సరళరేఖలు, వృత్తాలు, పరావలయాలు కూడా బట్టీ పట్టే సూత్రాలుగానే మిగులుతాయి. అక్కడ తడబడే పిల్లలకు తెలివి తక్కువని మనం నింద వేస్తాం.

పరీక్షలో అడగనిదాన్ని బోధించే తీరిక చాలా బడుల్లో లేదు. కాబట్టి రెండు తెలుగు రాష్ట్రాల విద్యాశాఖలూ ఈ అధ్యాయం నుంచి పటం గీసి సమర్థించమనే ప్రశ్న ఒకటైనా ఇవ్వాలని, సరైన పటానికి విడిగా మార్కు కేటాయించాలని, తొమ్మిదో తరగతి మొదట్లోనే ప్రతి విద్యార్థికి గ్రాఫ్ పుస్తకం అందించాలని కోరుతున్నాను.

— ఒక గణిత ఉపాధ్యాయురాలు, నల్లగొండ జిల్లా