మంత్రాల చీటీ పంపుతున్నాను

ఒరేయ్ రవీ,

వచ్చే నెల నుంచి నువ్వే డంజన్ మాస్టర్‌వని, అంటే కథ నడిపి నియమాలు తేల్చేవాడివని విని నవ్వు ఆగలేదు. పేకాటలో ముక్కలు పంచడానికే బద్ధకించేవాడివి, ఇప్పుడు పాత్రలు వేసుకుని పాచికలతో కథ ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్ నడిపిస్తావా! సరే, కవరులో మంత్రాల నియమాలు రాసిన ఒక అట్టముక్క పెట్టాను, చూశావు కదా, అదే చీటీ. ఈ రామాయణమంతా దాని గురించే.

మీ బృందంలో ముగ్గురు మంత్రగాళ్లు అన్నావు. నీ కష్టాలన్నీ అక్కడే మొదలవుతాయి. కత్తి పట్టినవాడు ఇరవై ముఖాల పాచిక వేస్తాడు, తగిలితే తగులుతుంది, లేకపోతే లేదు. మంత్రగాడికి మాత్రం ఒక్కో మంత్రానికీ ఒక్కో చట్టం. ఆట నియమాల పుస్తకం, 2014 నాటి ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో మంత్రాల వివరాలే డెబ్బై పేజీలు దాటాయి.

నా మొదటి చీటీ చూస్తే నువ్వు పడీ పడీ నవ్వేవాడివి. నాలుగు పేజీలు, చీమ తలకాయంత అక్షరాలు, మంత్రవిద్యలోని ఎనిమిది శాఖలకూ ఎనిమిది రంగులు. నెల రోజుల్లో ఒక్కడైనా ‘ఈ మంత్రం ఏ శాఖది’ అని అడిగితే ఒట్టు! అందరూ దాన్ని టీ కప్పుల కింద వేసుకున్నారు. అప్పుడు బుద్ధి వచ్చింది. ఒక నోటుపుస్తకం పెట్టి, ఆట ఆపి పుస్తకం తెరిచిన ప్రతిసారీ ఎందుకు తెరిచామో రాసుకున్నాను. మూడు నెలలయ్యాక చూస్తే, తిరిగి తిరిగి అవే నాలుగైదు ప్రశ్నలు. నీకు పంపినవి అవే.

అన్నిటికన్నా ఎక్కువ గీతలు పడింది కాన్సంట్రేషన్ దగ్గర. దాన్ని నేను ‘ధ్యాస’ అని రాశాను, ఇప్పుడు మావాళ్ల నోట అదే మాట. వేశాక ధ్యాస పెట్టి నిలుపుకోవాల్సిన మంత్రం ఒకసారికి ఒక్కటే. రెండోది మొదలుపెడితే మొదటిది పోతుంది. దెబ్బ తగిలితే పాచిక వేసి నిలబెట్టుకోవాలి. పదో, దెబ్బలో సగమో, ఏది పెద్దదైతే అంత రావాలి అంటుంది పుస్తకం. ఆట మధ్యలో ఆ భాగహారం ఎవరు చేస్తారురా? భిన్నం వస్తే వదిలేస్తాం కాబట్టి 21 దాకా ఎంత దెబ్బకైనా పదే. చీటీలో అదే రాశాను: ‘21 దాకా పది, ఆపైన సగం.’ మూడు దెబ్బలు తగిలితే మూడుసార్లు వేయాలి, అది మరిచిపోనివ్వకు.

తర్వాతది స్లాట్, అంటే మంత్రం వేసినప్పుడు ఖర్చయ్యే అవకాశం. కొత్తవాళ్లు సిద్ధం చేసుకున్న మంత్రమూ, స్లాటూ ఒకటే అనుకుంటారు. టిఫిన్ సెంటర్ గుర్తు చేసుకో. పలక మీద ఇవాళ్టి పదార్థాలు సిద్ధం చేసుకున్న మంత్రాలు, చేతిలో టోకెన్లు స్లాట్లు. పెద్ద టోకెన్‌తో చిన్న పదార్థం తీసుకోవచ్చు, చిన్న టోకెన్‌కు పెద్దది ఇవ్వరు. అయిదో స్థాయి విజార్డ్‌కు (ఒక రకం మంత్రగాడికి) ఒకటో మెట్టు స్లాట్లు నాలుగు, రెండోవి మూడు, మూడోవి రెండు ఉంటాయి. గళ్లు గీసి పెట్టాను, పెన్సిల్‌తో కొట్టుకుంటారు.

ఇంకో గొడవ చెబుతాను. మా క్లెరిక్ (పూజారి పాత్ర) బోనస్ యాక్షన్‌తో, అంటే తన వంతులో అదనంగా దొరికే చిన్న పనితో, గాయాలు మాన్పే హీలింగ్ వర్డ్ వేసి, వెంటనే శత్రువును కొట్టే గైడింగ్ బోల్ట్ కూడా వేస్తానన్నాడు. రెండూ స్లాట్ తినే మంత్రాలే. ఒకడు 2014 పుస్తకం తెరిచి కుదరదన్నాడు, బోనస్ యాక్షన్ మంత్రం వేశాక ఆ టర్నులో క్యాంట్రిప్ (స్లాట్ అక్కర్లేని చిన్న మంత్రం) మాత్రమే వేయాలట. ఇంకొకడు 2024 పుస్తకం తెరిచి, అది పాత మాట, టర్నుకు ఒక్క స్లాటే ఖర్చు చేయాలన్నది నియమం అన్నాడు. ఎవరి పుస్తకం చెల్లుతుందని వీళ్లిద్దరూ అరగంట కొట్టుకున్నారు. ఎలా చూసినా ఆ రెండో మంత్రం కుదరదని ఇద్దరికీ తట్టలేదు! టీ చల్లారిపోయింది. అందుకే చీటీ పైన మొదటి వరుసలోనే మీ పుస్తకం సంవత్సరం రాసుకో.

కొన్ని మంత్రాలకు కావలసిన సామగ్రి గురించి ఒక్క ముక్క: పుస్తకంలో ధర రాసి ఉన్న వస్తువు పాత్ర దగ్గర నిజంగా ఉండాలి, చిల్లర సామగ్రి ఉండే మంత్రాల సంచి చూపిస్తే చెల్లదు. చనిపోయినవాణ్ని బతికించే రివివిఫై మంత్రానికి 300 బంగారు నాణేల విలువైన వజ్రాలు కావాలి, మంత్రంతోపాటు అవీ ఖర్చయిపోతాయి, అదీ మనిషి పోయిన నిమిషంలోపే వేయాలి. మా రోగ్ (దొంగ పాత్ర) పోయిన రోజున మా దగ్గర వజ్రాలు తప్ప అన్నీ ఉన్నాయి. దాన్ని ఎర్ర సిరాతో ఎందుకు రాశానో ఇప్పుడు అర్థమైందా?

ఫైర్‌బాల్ అనే నిప్పుల మంత్రం దెబ్బ ఎంత, అదెంత దూరం వెళుతుంది లాంటివి చీటీలో వెతకకు. అవి ఆ మంత్రం ఉన్నవాడి కాగితంలో ఉండాలి, నీకెందుకు? నీకు కావలసింది దాని మేర మాత్రమే. ఇరవై అడుగుల వ్యాసార్ధం అంటే అయిదడుగుల గళ్ల పటం మీద కేంద్రం నుంచి నాలుగు గళ్లు. సొంతవాళ్లు అందులో ఉన్నారో లేదో వేసేవాడే చూసుకోవాలి. మావాడు చూసుకోలేదు.

కావాలంటే ప్రతులు తీసి పంచు. ఆట మూల నియమాల్ని 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ కింద విడుదల చేశారు, ఎక్కడివో చెబితే చాలు. ల్యామినేషన్ మాత్రం చేయించకు, పెన్సిల్ పడదు. అడుగున రెండు వరుసలు ఖాళీగా వదిలాను. మొదటి ఆటలో మీరు దేనికి కొట్టుకున్నారో అక్కడ రాసి, ఫోటో తీసి పంపు.

నీ
సుబ్బు