‘మన దేశపు డైనోసార్లు’ బొమ్మల సెట్‌పై ఫిర్యాదు

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: సెట్‌లోని తప్పుడు సమాచారం, ఊడిపోతున్న రంగు గురించి, డబ్బు వాపసు, పుస్తకం సవరణ కోరుతూ.

నమస్కారం.

మీ సంస్థ అమ్ముతున్న ‘మన దేశపు డైనోసార్లు’ సెట్‌ను నవంబర్‌లో మీ వెబ్‌సైట్‌లోనే కొన్నాను. బిల్లు, ఫొటోలు ఈ లేఖకు జతచేశాను. పెట్టె మీద ‘శాస్త్రీయంగా సరిచూసినవి’ అని పెద్ద అక్షరాల్లో ఉంది. నేను కొన్నది ఆ మాట చూసే. తీరా తెరిచి చూస్తే, ఆరు బొమ్మల్లో రెండు ఈ భూమ్మీద ఎన్నడూ తిరగని జంతువులు. ఆ సంగతి పెట్టె మీద లేదు, లోపలి పుస్తకంలోనూ లేదు.

నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. చాలా ఏళ్లుగా డైనోసార్ బొమ్మలు సేకరిస్తున్నాను. ఇంట్లో ఒక అల్మరా మొత్తం వాటిదే. అందుకే ముందుగా కోటాసారస్ సంగతి చెబుతాను, ఎందుకంటే ఈ సెట్ నేను కొన్నది ముఖ్యంగా దాని కోసం.

కోటాసారస్ మా తెలంగాణ జంతువు. పాత ఆదిలాబాద్ జిల్లాలోని యామన్‌పల్లి దగ్గర, కోటా అనే రాతి పొరల్లో జియలాజికల్ సర్వే వాళ్లు దాని ఎముకలు తవ్వి తీశారు. 1988లో శాస్త్రవేత్త యాదగిరి గారు దానికి కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. ఒక ఊరి పేరు ప్రపంచంలోని డైనోసార్ పుస్తకాలన్నిటికీ ఎక్కింది. దాని అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టి ఉంది. టికెట్ కొని ఎవరైనా చూడొచ్చు. మీ బొమ్మ చేసినవాళ్లు అక్కడికి ఒక్కసారి వెళ్లినా ఈ బొమ్మ ఇలా తయారయ్యేది కాదు. ముందు కాళ్లు వెనక కాళ్ల కంటే పొడుగు, మెడ నిట్టనిలువు, కళ్ల పైన ఎత్తైన బుడిపె. ఇది ఉత్తర అమెరికాలో దొరికిన బ్రాకియోసారస్ రూపం. రెండూ పొడుగు మెడ శాకాహారులే అయినా రెండింటి మధ్య ఒక ఖండం దూరం, కోట్ల ఏళ్ల ఎడం ఉన్నాయి. మీ దగ్గర ఉన్న బ్రాకియోసారస్ అచ్చునే వాడి రంగు మార్చారని నా అనుమానం. మీ బొమ్మల జాబితాలోని బ్రాకియోసారస్ ఫొటోతో పోల్చి చూస్తే తోక మెలిక కూడా ఒకేలా ఉంది.

ఇంకో మాట. కోటాసారస్ ఎముకలు కనీసం పన్నెండు జంతువులవి దొరికినా, పుర్రె దొరకలేదు. అంటే తల ఎలా ఉండేదో బొమ్మ చేసేవాళ్లు దాని దగ్గరి చుట్టాలను చూసి ఊహించుకోవాల్సిందే. ఊహించడం తప్పు కాదు. ‘తల మా ఊహ’ అని పుస్తకంలో ఒక వాక్యం రాస్తే పిల్లలకు అదే మంచి పాఠం అయ్యేది. మీరు మాత్రం ‘పుర్రెను ఆధారంగా చేసుకుని రూపొందించాం’ అని రాశారు. ఏ పుర్రె? ఎక్కడుంది అది?

రాజాసారస్ పరిస్థితీ అంతే. గుజరాత్‌లోని రహియోలీ ఎముకల ఆధారంగా 2003లో పేరు పెట్టిన మాంసాహారి అది. దాని నుదుటి మీద ఉండేది పొట్టి, గుండ్రటి కొమ్ము. మీ బొమ్మకు ఖడ్గమృగం కొమ్ము పెట్టారు. బారాపాసారస్, ఐసిసారస్ బొమ్మల ఆకారం మాత్రం ఫరవాలేదు. ఐసిసారస్‌కు ఆ పేరు కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ ఇంగ్లీషు పొడి అక్షరాల వల్ల వచ్చిందని పుస్తకంలో సరిగ్గానే రాశారు. ఆ పేజీ చదివి సంతోషించాను కూడా.

అసలు బాధ మిగిలిన రెండు బొమ్మలతోనే. ఒకటి ‘నల్లమలారాప్టర్’, రెండోది ‘కొల్లేరోసారస్’. మొదటిదాని శిలాజాలు నల్లమల కొండల్లో, రెండోదానివి కొల్లేరు అడుగున దొరికాయని మీ పుస్తకం చెబుతోంది. నల్లమల రాళ్లు కడప ప్రాంతపు ప్రాచీన శిలల్లో భాగం. వాటి వయసు వంద కోట్ల ఏళ్ల పైమాటే. ఆ రాళ్లు ఏర్పడేనాటికి భూమ్మీద ఎముకలున్న జంతువే లేదు. కొల్లేరు కథ దీనికి పూర్తిగా తిరగేసినట్టు ఉంటుంది. గోదావరి, కృష్ణా డెల్టాల మధ్య ఏర్పడిన ఆ సరస్సు భూమి వయసుతో చూస్తే నిన్నమొన్నటిది. డైనోసార్లు పోయి ఆరున్నర కోట్ల ఏళ్లయింది. ఒకటి అవి పుట్టకముందుది, రెండోది అవి పోయాక ఎంతో కాలానికి వచ్చింది. భూగర్భశాస్త్రం చదివిన ఎవరిని అడిగినా ఐదు నిమిషాల్లో చెప్పే సంగతి ఇది.

నిజమైన పేర్లకు కరువు వచ్చి ఇలా చేశారనుకోవడానికీ లేదు. మన ప్రాణహిత గోదావరి లోయలోనే ఎన్ని ఉన్నాయి! ధర్మారం పేరు మీద లాంప్లుసారా ధర్మారమెన్సిస్ ఉంది. ప్రధానియా ఉంది. ఈ రెండింటికీ 2007లో పేర్లు పెట్టారు. ప్రధానియా అన్న పేరు శిలాజాలు సేకరించిన ఒక ఉద్యోగి గౌరవార్థం పెట్టింది. ఇలాంటి సంగతి పిల్లలకు చెబితే ఎంత బాగుంటుంది! మలేరి శిలల్లో దొరికిన ఆల్‌వాకేరియా కూడా ఉంది. దాని ఎముకల్లో కొన్ని అసలు డైనోసార్‌వే కావని, రెండు మూడు రకాల జంతువుల ఎముకలు కలిసిపోయాయని తర్వాతి శాస్త్రవేత్తలు గుర్తించారు. గుర్తించి, ఆ సంగతి అందరికీ తెలిసేలా అచ్చు వేశారు. నేను మీ నుంచి అడుగుతున్నదీ ఆ మాత్రం నిజాయితీయే.

ఊహా జంతువులంటే నాకు చిరాకని మీరు అనుకోవద్దు. నాకు అవి ప్రాణం. ఈ బొమ్మలు నేను ఎందుకు కొన్నానో చెబితే మీకే తెలుస్తుంది.

మా ఆఫీసులో ప్రతి డిసెంబర్ చివర్లో, క్రిస్మస్‌కూ కొత్త సంవత్సరానికీ కలిపి పాట్‌లక్ పెట్టుకుంటాం. ఎవరు ఏం తెస్తారో ముందే ఎక్సెల్ షీట్‌లో రాసుకుంటాం, లేకపోతే అందరూ పెరుగన్నమే తెస్తారు. పొద్దున్నే క్యాబ్‌ల్లో హాట్‌ప్యాక్‌లు, స్టీలు గిన్నెలు, మూత చుట్టూ టవల్ కట్టిన కుక్కర్లు దిగుతాయి. మధ్యాహ్నానికి ప్యాంట్రీలో మైక్రోవేవ్ ముందు లైను. నెల్లూరు నుంచి వచ్చిన సహోద్యోగి చేపల పులుసు ముందు రోజు రాత్రే చేసి తెచ్చేవారు, మర్నాటికి ముక్కకు పులుపు పడుతుందని. కేరళ అమ్మాయి ప్లమ్ కేక్, వరంగల్ ఆయన సకినాలు. ఉల్లి, వెల్లుల్లి తినని వాళ్ల గిన్నెలు వేరే బల్ల మీద.

ఆ బల్లల దగ్గరికి నా డైనోసార్లు ఒక ఏడాది అవసరం కొద్దీ వచ్చాయి. వెజ్, నాన్‌వెజ్ గరిటెలు కలిసిపోయి పెద్దావిడ ఒకరు భోజనం మానేశారు. మరుసటి ఏడాది శాకాహారపు బల్ల మీద ట్రైసెరాటాప్స్‌ను, మాంసాహారపు బల్ల మీద టైరనోసారస్‌ను నిలబెట్టాను. చదవడం రాని పిల్లలకు కూడా ఏ బల్ల ఏదో తెలిసిపోయింది. అప్పటి నుంచి అదే ఆనవాయితీ. తర్వాత ఒక్కో వంటకానికి ఒక్కో జంతువును మేమే పుట్టించడం మొదలైంది. పసుపు ఒళ్లు, కరివేపాకు జూలు, వేరుశనగ గింజల కళ్లతో ‘పులిహోరాప్టర్’. ఎండుమిరపకాయ తోకతో, ఎవరు దగ్గరికొచ్చినా కంటనీరు పెట్టించే ‘గోంగూరోసార్’. అకౌంట్స్‌లో ఉండి రిటైరైన సార్ ఒకాయన వాటికి బుద్ధులూ స్వభావాలూ కల్పించి, అట్టముక్క మీద పెన్సిల్‌తో గీసి, గిన్నె పక్కన పెట్టేవారు. పులిహోరాప్టర్ గుడి దగ్గరే తిరుగుతుందట, ప్రసాదం అయిపోతే ఇంటికి వెళ్లిపోతుందట. 2020లో అందరం ఇళ్లలో ఉండి పాట్‌లక్ ఆగిపోతే, ఆయన ఆ ఏడాది కూడా బొమ్మలు గీసి ఫోన్‌లో పంపారు. వాటన్నిటినీ దాచుకున్నాను.

ఆ అట్టముక్కలన్నిటి కింద ఒక మూల ఆయన చేతిరాతతో ‘ఇది మనం పుట్టించిన జంతువు’ అని ఉంటుంది. పాట్‌లక్‌కు పిల్లలు కూడా వస్తారు, వాళ్లకు నిజం, ఊహ కలిసిపోకూడదని ఆయన పట్టుదల. ఆ ఒక్క వాక్యం వల్ల ఏ పిల్లవాడి సరదా తగ్గలేదు. పైగా వాళ్లూ సొంత జంతువులు గీయడం మొదలుపెట్టారు.

ఈసారి కోటాసారస్‌ను శాకాహారపు బల్ల మీద, రాజాసారస్‌ను మాంసాహారపు బల్ల మీద, అంటే అమెరికా డైనోసార్ల స్థానంలో మన దేశపువాటిని పెడదామని మీ సెట్ తీసుకెళ్లాను. నాలుగో తరగతి చదివే ఒక బాబు మీ పుస్తకం తీసుకుని కూర్చుని మొత్తం చదివేశాడు. అది అచ్చులో ఉంది, పైన శాస్త్రీయం అని ఉంది, వాడు ఎందుకు నమ్మడు? తర్వాత స్కూల్ ప్రాజెక్టులో నల్లమలారాప్టర్ గురించి రాశాడు. టీచర్ ఆధారం అడిగితే మీ పుస్తకం చూపించాడు. ఆమె వెతికి, అలాంటి జంతువే లేదని క్లాసులో చెప్పారు. వాళ్లమ్మ నాకు ఫోన్ చేసి, ‘అక్కా, వాడు ఇప్పుడు కోటాసారస్ కూడా అబద్ధమే అంటున్నాడు’ అన్నారు. మీరు చేసిన నష్టం ఇది. రెండు కల్పితాల వల్ల నాలుగు నిజాలు కూడా ఆ పిల్లవాడికి అబద్ధాలయ్యాయి. వాణ్ని బిర్లా మ్యూజియానికి తీసుకెళ్లి ఆ ఎముకల ముందు నిలబెడతానని వాళ్లమ్మకు మాట ఇచ్చాను.

రంగు గురించి కూడా చెప్పాలి. బారాపాసారస్ వెనక కాలు వంగి ఉండటంతో బొమ్మ నిలబడలేదు. ఇలాంటి బొమ్మల కాలును వేడినీళ్లలో ముంచి, సరిచేసి, వెంటనే చన్నీళ్లలో పెట్టడం సేకర్తలందరూ చేసే పనే. అలా చేస్తే నీలం రంగు నీళ్లలోకి దిగింది. నీళ్లు తగలని ఐసిసారస్ రంగు కూడా బల్ల మీద తెల్లగుడ్డకు అంటింది, భోజనం పక్కనే. పెట్టె మీద ఐఎస్ఐ గుర్తు ఉంది. 2021 జనవరి నుంచి మన దేశంలో బొమ్మలకు ఆ గుర్తు తప్పనిసరి. దాన్ని నమ్మి చంటిపిల్లల చేతికి కూడా ఇస్తాం. ఈ రంగును మీరు మళ్లీ పరీక్ష చేయించాలి.

ఇవన్నీ ఇంతకుముందు రాస్తే మీ కస్టమర్ కేర్ నుంచి వచ్చిన జవాబు, ‘ఈ ఉత్పత్తి వినోదం కోసం మాత్రమే’. అయితే ‘శాస్త్రీయంగా సరిచూసినవి’ అన్న మాట పెట్టె మీద ఎందుకుంది? సరిచూసి బొమ్మలు చేయడం సాధ్యం కాని పనేమీ కాదు. సఫారీ లిమిటెడ్ అనే బొమ్మల కంపెనీ వాళ్లు 1988 నుంచి 2015 దాకా అమెరికాలోని కార్నెగీ మ్యూజియంతో కలిసి ఒక డైనోసార్ సిరీస్ చేశారు. సేకర్తలు ఇప్పటికీ వాటి కోసం వెతుకుతున్నారు. హైదరాబాద్‌లో, కోల్‌కతాలో ఈ ఎముకలు తెలిసినవాళ్లు ఉన్నారు. మీరు అడగాలి, అంతే.

నేను కోరేవి ఇవి. సెట్‌కు కట్టిన డబ్బు పూర్తిగా వాపసు ఇవ్వండి. నల్లమలారాప్టర్, కొల్లేరోసారస్ బొమ్మలను ఆపేయమనను, వాటి చెక్కడం బాగుంది. వాటిని వేరే పెట్టెలో, కల్పిత జంతువులని స్పష్టంగా రాసి అమ్మండి. పుస్తకాన్ని సవరించి, పాతది కొన్నవాళ్లందరికీ కొత్తది ఉచితంగా పంపండి. వాళ్ల ఈమెయిళ్లు మీ దగ్గర ఉన్నాయి. అది కుదిరేదాకా వెబ్‌సైట్‌లో ‘శాస్త్రీయంగా’ అన్న మాట తీసేయండి. కోటాసారస్‌కు కొత్త అచ్చు చేయిస్తే మొదట కొనేది నేనే.

పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేస్తాను. అవసరమైతే తప్పుదారి పట్టించే ప్రకటన కింద, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం జిల్లా కమిషన్‌కు వెళ్తాను. బొమ్మలు, పెట్టె, పుస్తకం అన్నీ నా దగ్గర భద్రంగా ఉన్నాయి. పరిశీలనకు మీ మనిషిని పంపితే ఆఫీసు వేళల్లో ఎప్పుడైనా చూపిస్తాను.

ఇట్లు,
మీ సెట్ కొన్న వినియోగదారురాలు,
హైదరాబాద్

జతచేసినవి: బిల్లు, పెట్టె ఫొటోలు, పుస్తకంలోని నల్లమలారాప్టర్, కొల్లేరోసారస్, కోటాసారస్ పేజీలు, రంగు అంటిన గుడ్డ ఫొటో, మీ కస్టమర్ కేర్ జవాబు.