కాగితాలు తూకానికి వేసే ముందు బ్యాకప్ తెరిచి చూడండి

సంపాదకులకు నమస్కారం.

వరంగల్, హన్మకొండ, కరీంనగర్ పట్టణాల్లో ఆడిటర్ ఆఫీసులు, ప్రైవేటు దవాఖానలు, కాలేజీలు, ఎనుమాముల మార్కెట్ చుట్టుపక్కల అడ్తి దుకాణాలు కూడా పాత కాగితాలను స్కాన్ చేయించి డాక్యుమెంట్ మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్‌లో పెట్టుకుంటున్నాయి. మంచి పనే. కానీ స్కానింగ్ అయిపోగానే కట్టలు పాత పేపర్ల కింద తూకానికి పోతున్నాయి. ఆపైన మిగిలేది ఒక కంప్యూటర్, అందులో ఒక డిస్కు. సాఫ్ట్‌వేర్ రోజూ రాత్రి ‘బ్యాకప్ పూర్తయింది’ అని చూపిస్తుంది కదా అని అందరూ నిశ్చింతగా ఉంటారు. ఆ బ్యాకప్‌లో కాగితాల బొమ్మలు ఉన్నాయా అని మాత్రం ఎవరూ అడగరు. ఈ ఉత్తరం ఆ ఒక్క ప్రశ్న కోసమే.

ఇలాంటి సాఫ్ట్‌వేర్లు ఫైళ్లను రెండు రకాలుగా దాస్తాయి. కొన్ని స్కాన్ చేసిన పీడీఎఫ్‌ను డేటాబేస్ (వివరాల పట్టికలు ఉండే చోటు) లోపలే పెడతాయి. ఎక్కువ సాఫ్ట్‌వేర్లు పీడీఎఫ్‌లను సర్వర్‌లో ఒక ఫోల్డర్‌లో వేసి, పేరు, తేదీ, నంబరు, ఫైల్ ఎక్కడుందో చెప్పే దారి మాత్రమే డేటాబేస్‌లో రాసుకుంటాయి. చిక్కంతా ఈ రెండో రకంలోనే. సాఫ్ట్‌వేర్‌లోని బ్యాకప్ బటన్ చాలాసార్లు డేటాబేస్‌ను ఒక్కదాన్నే తీస్తుంది. డిస్కు పోయాక దాన్ని తిరిగి ఎక్కిస్తే తెర మీద పట్టిక అంతా వస్తుంది. పేషెంట్ పేరు, అడ్మిషన్ తేదీ, బిల్లు నంబరు అన్నీ సరిగ్గానే ఉంటాయి. దాని మీద నొక్కితే మాత్రం ‘ఫైల్ దొరకలేదు’ అని వస్తుంది. రికార్డు రూములో రిజిస్టరు మిగిలి కట్టలు మాయమైనట్టు. సెట్టింగ్స్‌లో స్టోరేజ్ అనే చోట ఫైళ్ల ఫోల్డర్ పేరు ఉంటుంది. దాన్ని కాగితం మీద రాసుకుని, బ్యాకప్ జాబితాలో అదీ ఉందో లేదో ఈరోజే చూడండి.

రెండూ తీసేటప్పుడు వరుస ముఖ్యం. ముందు డేటాబేస్, తర్వాత ఫైళ్లు. ఇలా తీస్తే మధ్యలో ఎవరైనా కొత్త కాగితం ఎక్కించినా, పట్టికలో లేని ఫైలు ఒకటి అదనంగా వస్తుంది, నష్టం లేదు. తిరగేసి తీస్తే పట్టికలో పేరుండి ఫైలు లేని ఎంట్రీలు మిగులుతాయి. నడుస్తున్న డేటాబేస్ ఫైలును మామూలుగా కాపీ చేయొద్దు. అది తాళం పడి కాపీ కాదు, ఒకవేళ అయినా సగంలో పట్టిన కాపీ తెరుచుకోకపోవచ్చు. డేటాబేస్ సొంత బ్యాకప్ కమాండ్‌నే వాడాలి.

డేటాబేస్ లోపలే పీడీఎఫ్‌లు పెట్టే రకంలో ఒకే ఫైలు బ్యాకప్ తీస్తే సరిపోతుంది, ఆ మేరకు సులువు. కాకపోతే మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే డేటాబేస్ ప్రోగ్రాం ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్ 2022 వెర్షన్ వరకు ఒక డేటాబేస్‌కు 10 జీబీ దాటనివ్వదు. 300 డీపీఐలో నలుపు-తెలుపుగా స్కాన్ చేసి జీ4 కంప్రెషన్ (ఫైలు సైజు కుదించే పద్ధతి) పెడితే అక్షరాల పేజీ సుమారు 50 కేబీ, అంటే లక్ష పేజీలు 5 జీబీ. అదే పేజీ రంగుల్లో జేపెగ్‌గా తీస్తే 700 కేబీ దాకా పోతుంది, లక్ష పేజీలకు 70 జీబీ. బిల్లులు, రసీదులకు రంగులు అక్కర్లేదు. స్టాంపులు, ముద్రలు రంగులో కనిపించాల్సిన దస్తావేజులకే రంగు పెట్టండి.

ఇక పెన్‌డ్రైవ్, ఎక్స్‌టర్నల్ డిస్కుల సంగతి. ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉన్న డిస్కు 4 జీబీ దాటిన ఫైలును తీసుకోదు. రెండేళ్లు బాగా నడిచిన బ్యాకప్ ఒకరోజు ఎర్రర్ ఇవ్వడం మొదలుపెడితే ముందు చూడాల్సింది ఇదే. డిస్కును ఎన్‌టీఎఫ్ఎస్‌ అనే కొత్త పద్ధతిలో ఫార్మాట్ చేసుకోవాలి, ఫార్మాట్ చేస్తే అందులోని డేటా పోతుంది కనుక ముందే వేరేచోట పెట్టుకోవాలి. విండోస్‌లో ఫైళ్లు కాపీ చేసే రోబోకాపీ కమాండ్ వాడేవారు ‘మిర్’ అనే ఆప్షన్‌తో జాగ్రత్త. ఇక్కడ తొలగించిన ఫైలును అది అక్కడా తొలగిస్తుంది. సర్వర్‌లో రెండు డిస్కులను జత చేసే రెయిడ్ కూడా బ్యాకప్ కాదు. ఒక డిస్కు చెడితే పని ఆగకుండా చూస్తుందంతే, పొరపాటున చెరిపింది రెండింట్లోనూ చెరిగిపోతుంది.

ఎన్ని రోజుల కాపీలు ఉంచాలన్నది అందరూ తేలిగ్గా తీసుకునే విషయం. ఏడు రోజుల కాపీలు ఉంచి ఎనిమిదో రోజు పాతదాని మీద రాసే పద్ధతి చాలాచోట్ల ఉంది. బతుకమ్మ, దసరా సెలవులకు ఆఫీసు పది పన్నెండు రోజులు మూసి, సర్వర్‌ను ఆన్‌లోనే వదిలేస్తారు. సెలవుల మొదటి రాత్రే రాన్సమ్‌వేర్ (ఫైళ్లను బిగించి డబ్బులు అడిగే వైరస్) చొరబడి ఫైళ్లకు తాళం వేసిందనుకోండి. బ్యాకప్ ప్రోగ్రాం తన పని తాను చేస్తూనే ఉంటుంది, తాళం పడిన ఫైళ్లనే రోజుకొకటి చొప్పున ఏడు కాపీలు తీస్తుంది. తెరిచేసరికి మంచి కాపీ ఒక్కటీ ఉండదు. అందుకే రోజువారీ ఏడింటితో పాటు వారానికొకటి చొప్పున నాలుగు, నెలకొకటి చొప్పున పన్నెండు విడిగా ఉంచాలి. ఎప్పుడూ తగిలించి ఉన్న యూఎస్‌బీ డిస్కునూ, నెట్‌వర్క్ డ్రైవ్‌నూ రాన్సమ్‌వేర్ వదలదు. డిస్కులు రెండు కొని, ఒకటి తగిలించినప్పుడు రెండోది బయట ఉంచి, వారానికోసారి మార్చండి.

ఆ బయట ఎక్కడన్నది మన ఊళ్లలో మరీ ముఖ్యం. 2020 ఆగస్టులో, మళ్లీ 2023 జూలైలో వరంగల్, హన్మకొండ కాలనీలు నీట మునిగాయి. కింది అంతస్తులో టేబుల్ కింద సర్వర్, అదే గదిలోని బీరువాలో బ్యాకప్ డిస్కు ఉంటే రెండూ ఒకే రాత్రి పోతాయి. మూడు కాపీలు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి ఊరికి అవతల అన్న పాత సూత్రాన్ని ఇక్కడ అక్షరాలా పాటించాలి. నాలా పక్క ఆఫీసు నుంచి అదే నాలా పక్క ఇంటికి తీసుకెళ్తే ఊరికి అవతల అయినట్టు కాదు.

క్లౌడ్ పెట్టుకుంటే ఈ బాధ తగ్గుతుంది. నెట్ అప్‌లోడ్ వేగం 10 ఎంబీపీఎస్ అయితే 100 జీబీ ఎక్కడానికి ఆగకుండా 22 గంటలు పడుతుంది, మొదటి కాపీకి శని, ఆదివారాలు కేటాయించండి. గూగుల్ డ్రైవ్, వన్‌డ్రైవ్ సింక్ ఫోల్డర్‌ను మాత్రం బ్యాకప్ అనుకోవద్దు, ఇక్కడ పాడైన ఫైలు అక్కడికీ పోతుంది. పాత వెర్షన్లు ఎన్ని రోజులు ఉంచుతారో కనుక్కోండి. కంపెనీలుగా రిజిస్టరైన సంస్థలు లెక్కల పుస్తకాలను 8 ఏళ్లు ఉంచాలి. కంప్యూటర్‌లోని లెక్కల బ్యాకప్ రోజూ దేశంలోనే ఉన్న సర్వర్‌లోకి చేరాలని 2022 ఆగస్టులో సవరించిన నిబంధన చెబుతోంది. క్లౌడ్ కొనేముందు సర్వర్ ఏ దేశంలో ఉందో రాతపూర్వకంగా తీసుకోండి.

తెలుగులో పేర్లు పెట్టుకునేవారికి అదనంగా రెండు చిక్కులున్నాయి. డేటాబేస్ డంప్ (బ్యాకప్ కాపీ) తీసేటప్పుడు యూటీఎఫ్-8 (తెలుగు లిపిని మోయగల అక్షర సంకేత పద్ధతి) ఎంచుకోకపోతే తెలుగు పేర్లన్నీ ప్రశ్నార్థకాలుగా మారవచ్చు, ఒకసారి మారితే వెనక్కి రావు. రెండోది ఫైలు పేరు పొడవు. నెట్‌వర్క్ స్టోరేజ్ పెట్టెలు చాలావరకు విండోస్ మీద కాక లినక్స్ మీద నడుస్తాయి, అందులో పేరుకు 255 బైట్లు హద్దు. తెలుగులో అక్షరానికి, గుణింతపు గుర్తుకు, పొల్లుకు విడివిడిగా 3 బైట్లు చొప్పున పడతాయి. అన్నీ కలిపి 85 దాటితే విండోస్‌లో బాగానే ఉన్న ఫైలు అక్కడ కాపీ కాకుండా ఆగిపోతుంది. ఫైలుకు నంబరు పెట్టి, తెలుగు పేరును సాఫ్ట్‌వేర్ పట్టికలో రాసుకోవడం మేలు.

ఇవన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో తేల్చేది రీస్టోర్ ఒక్కటే, అంటే బ్యాకప్‌ను తిరిగి ఎక్కించి చూడటం. మూడు నెలలకోసారి, సర్వర్ కాని వేరే కంప్యూటర్‌లో, నెట్‌వర్క్ తీగ పీకేసి, బ్యాకప్ డిస్కు నుంచే మొత్తం ఎక్కించండి. తీగ పీకకపోతే ఫైళ్లు పాత సర్వర్ నుంచే తెరుచుకుని మోసపోతాం. పట్టికలో ఎన్ని ఎంట్రీలున్నాయో, ఫోల్డర్‌లో ఎన్ని ఫైళ్లున్నాయో లెక్క సరిచూడండి. పాత, కొత్త కాగితాల్లో ఒక్కో సంవత్సరానివి రెండేసి తెరిచి చివరి పేజీ దాకా చూడండి. ఎన్ని గంటలు పట్టిందో రాసుకోండి, నిజంగా సర్వర్ పోయిన రోజు ఆఫీసు అంతసేపు ఆగుతుంది.

సాఫ్ట్‌వేర్ అమ్మినవారితో ఒప్పందంలో రెండు మాటలు రాయించుకోండి. అడ్మిన్ పాస్‌వర్డ్, బ్యాకప్ ఎన్‌క్రిప్షన్ తాళంచెవి (బ్యాకప్ తెరవడానికి కావాల్సిన రహస్య కోడ్) ఆఫీసు దగ్గర కూడా ఉండాలి. ఒప్పందం ముగిస్తే కాగితాలన్నీ మామూలు పీడీఎఫ్‌లుగా, వాటి వివరాలు ఎక్సెల్‌లో తెరుచుకునే సీఎస్‌వీ పట్టికగా అప్పగించాలి. రీస్టోర్ ఒకసారి పూర్తిగా చేసి చూసేదాకా స్కాన్ చేసిన కట్టల్లో ఒక్కటీ తూకానికి వేయొద్దని కార్యాలయాల యజమానులను కోరుతున్నాం.

— డాక్యుమెంట్ సాఫ్ట్‌వేర్ నిర్వహణలో పనిచేస్తున్న కొందరు పాఠకులు, హన్మకొండ